‘సంపూర్ణ రూల్ బుక్’ పేరుతో అమ్ముతున్న రోల్‌ప్లేయింగ్ సెట్ విషయంలో జాగ్రత్త

పాత్రలు ధరించి, పాచికలు వేస్తూ కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదవ ఎడిషన్‌ను కొత్తగా ఆడదలచుకున్నవారికి ‘ఇక వేరే ఏదీ కొననక్కరలేదు’ అన్న ప్రకటనతో ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక సెట్‌ను నేను రెండు నెలల క్రితం కొన్నాను. గట్టి అట్ట వేసిన రూల్ బుక్, ఏడు పాచికలు, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్ల కట్ట అందులో ఉన్నాయి. పైకి చూస్తే దేనికీ వంక పెట్టలేము. అదే సెట్ ఇప్పుడు పెట్టె రంగు మార్చుకుని మళ్ళీ అమ్మకానికి కనబడింది కాబట్టి ఇది రాయవలసి వచ్చింది.

పుస్తకం సంగతి తొలి రోజే బయటపడింది. మూడవ లెవెల్ నుంచి ఆట మొదలుపెడదామనుకున్నాము. పాత్ర రకాలలో, అంటే క్లాస్‌లలో, ఫైటర్‌ను (యోధుణ్ణి) ఎంచుకున్న మిత్రుడు అందులోని బ్యాటిల్ మాస్టర్ అనే శాఖ కోసం పేజీలన్నీ తిరగేసినా ఛాంపియన్ ఒక్కటే దొరికింది. క్లెరిక్‌కు లైఫ్ డొమైన్, విజార్డ్‌కు ఎవొకేషన్, ఇలా ప్రతి క్లాస్‌కూ ఒకే ఒక్క సబ్‌క్లాస్ (శాఖ) ఉంది. పాత్ర పూర్వజీవితాన్ని తెలిపే బ్యాక్‌గ్రౌండ్‌లలో అకొలైట్, ప్రత్యేక నైపుణ్యాలైన ఫీట్లలో గ్రాప్లర్ తప్ప మరొకటి లేదు. ఆట నడిపించేది నేనే; కథ కోసం నేను సిద్ధం చేసుకున్న గుహలో కాపలా ఉండవలసిన బిహోల్డర్ అనే రాక్షసి వివరాలు రాక్షసుల భాగంలో ఎక్కడా లేవు. ‘బిగ్బీస్ హ్యాండ్’ అన్న మంత్రం బిగ్బీ పేరు లేకుండా ‘ఆర్కేన్ హ్యాండ్’గా కనబడ్డాక గాని నాకు విషయం అర్థం కాలేదు.

మా చేతిలో ఉన్నది ఆటగాళ్ళ అసలు నియమాల పుస్తకమైన 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ కాదు, ఆటను ప్రచురించే విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ 4.0 లైసెన్సు కింద విడుదల చేసిన మూల నియమాల పత్రం, సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.1. దానిని ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ముద్రించి అమ్ముకోవచ్చు కూడా; మూలం ఎవరిదో పేర్కొంటే చాలు. అందువల్ల ముద్రించి అమ్మడాన్ని నేను తప్పు పట్టడం లేదు. కాగితానికి, కుట్టుకు, అట్టకు డబ్బు అడగడం న్యాయమే. అయితే ఈ విక్రేత మూలాన్ని తెలిపే వాక్యాన్ని పూర్తిగా తొలగించి, ఆట నడవడానికి సరిపడే కనీస నియమాలను ‘సంపూర్ణం’ అని పేర్కొని అమ్మాడు. ఉచితంగా దొరికేదానికి అసలు పుస్తకంతో సమానమైన ధర పెట్టి మరీ కొన్నాము గనుక ఆయన పాచిక మా దగ్గర బాగానే పారింది.

క్యారెక్టర్ షీట్లు మరో ఎడిషన్‌వి. 2024లో సవరించిన నియమాలకు తగినట్టు వాటిలో పాత్ర జాతిని తెలిపే ‘రేస్’ స్థానంలో ‘స్పీషీస్’ అని ఉంది. సామర్థ్యాల పెంపు పాత నియమాలలో రేస్ వల్ల, కొత్త వాటిలో బ్యాక్‌గ్రౌండ్ వల్ల వస్తుంది కాబట్టి, పుస్తకానికీ షీటుకూ పొంతన కుదరక మొదటి గంట అంతా చెరిపి రాయడంతోనే గడిచింది.

వీటన్నిటికంటే నన్ను ఇబ్బంది పెట్టినది ఇరవై ముఖాల పాచిక. మూడవ వారం ఆటలో రోగ్‌గా (దొంగ పాత్రగా) ఆడుతున్న అమ్మాయి వరుసగా 17, 19, 18 వేసేసరికి అందరం నవ్వుకున్నాము. ఐదవసారీ అలాగే పడేసరికి పాచికను దీపం దగ్గరికి తీసుకువెళ్ళి చూశాను. 20 పక్కన 19, దాని పక్కన 18, ఆ పక్కన 17 వరుసగా ఉన్నాయి. ఇది వేయడానికి చేసిన పాచిక కాదు, ప్రతి ఆటగాడి ప్రాణం 20తో మొదలయ్యే కార్డుల ఆటలో ఒక్కో అంకె తగ్గిస్తూ లెక్క ఉంచుకోవడానికి చేసిన స్పిన్‌డౌన్. మామూలు పాచికపై 20 చుట్టూ సాధారణంగా 2, 8, 14 ఉంటాయి. పెద్దవీ చిన్నవీ కలగలిపి ఉండటం వల్ల చేతివాటంతో పని జరగదు. స్పిన్‌డౌన్‌లో పెద్ద అంకెలన్నీ దాదాపు ఒకే వైపున చేరతాయి కాబట్టి, బాగా దొర్లించకుండా మెల్లగా జార్చితే ఆ వైపే పడే అవకాశం పెరుగుతుంది. ఆ అమ్మాయి కావాలని చేసిందని నేను అనుకోవడం లేదు, ఆమె ఎప్పుడూ అలాగే వేస్తుంది. ఉప్పునీటిలో తేల్చి చూసే పరీక్ష గురించి చాలామంది చెబుతారు గాని, అది లోపల గాలిబుడగ ఉందో లేదో చెప్పగలదే తప్ప అంకెల అమరికను పట్టించుకోదు.

విక్రేతకు ఫోటోలతో సహా రాశాను. ‘నియమాలు అసలైనవే కదా’ అన్నది మొదటి జవాబు, పెట్టె విప్పినందున వాపసు కుదరదన్నది రెండవది. మూడవ ఉత్తరానికి జవాబు రాలేదు.

ఇటువంటి సెట్ కొనే ముందు మూడు ఫోటోలు అడగండి: లైసెన్సు వివరాలు ముద్రించిన పేజీ, ఫైటర్ సబ్‌క్లాస్‌లు కనబడే విషయసూచిక, 20 అంకె పైకి ఉండేలా తీసిన పాచిక. పంపడానికి తటపటాయించేవారి దగ్గర కొనకండి. ఇప్పటికే కొన్నవారు పుస్తకాన్ని పారవేయనక్కరలేదు, అందులో ఉన్నంత వరకు నియమాలు సరైనవే. మేము కొత్త పాచిక తెచ్చుకున్నాము. పాతది, ఆట నడిపేటప్పుడు నా కాగితాలు కనబడకుండా పెట్టుకునే స్క్రీన్ వెనక పోరాటపు రౌండ్లు లెక్కపెడుతోంది. నిమిషం, అంటే పది రౌండ్లు, నిలిచే మంత్రానికి 10 దగ్గర పెట్టి, రౌండుకొక అంకె చొప్పున దింపుతున్నాను.