జేజి సామెతలూ ఫార్చ్యూన్ ప్రోగ్రామూ: పదకొండేళ్ల వాడకం తరువాత

ప్రొద్దుటూరులో బట్టల దుకాణాలకు లెక్కలు చూసే పనిలో ఉన్న నాకు, రోజుకు ఇరవై సార్లకు తక్కువ కాకుండా టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరవవలసి వస్తుంది. తెరిచిన ప్రతిసారీ పైన ఒక సూక్తినో, చమత్కారాన్నో చూపించే ఫార్చ్యూన్ అనే చిన్న ప్రోగ్రామును పదకొండేళ్లుగా డెబియన్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీద వాడుతున్నాను. దీనిని తెలుగులో వాడుకోదలచినవారికి నా అనుభవం కొంత శ్రమ తగ్గిస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను.

ఇది కొత్త సరుకేమీ కాదు. 1979లో వెలువడిన యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఏడవ వెర్షన్‌లోనే ఈ పేరుతో ఒక ప్రోగ్రాము ఉంది. ఆ తరువాత కెన్ ఆర్నాల్డ్ అనే ప్రోగ్రామర్ బర్కిలీ విశ్వవిద్యాలయపు యూనిక్స్ కోసం రాసిన రూపమే నేడు లినక్స్‌లో మనకు దొరుకుతున్నదానికి మూలం. అమెరికాలోని చైనా భోజనశాలలలో బిస్కెట్ లోపల పెట్టి ఇచ్చే జోస్యపు చీటీ నుంచి దీనికి ఆ పేరు వచ్చింది. మన వైపు చెప్పాలంటే ఇది చిలక జోస్యమే: పంజరం తలుపు తీస్తే చిలక వచ్చి ఒక చీటీ లాగి, మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. నిన్న ఏ చీటీ లాగిందో చిలకకు గుర్తుండదు, ఈ ప్రోగ్రాముకూ గుర్తుండదు. అందుచేత వారంలో ఒకసారైనా ఒకే సామెత ఒకే రోజున రెండు మార్లు ఎదురవుతుంది. దానిని నేను లోపంగా లెక్కపెట్టను.

దీనితో పాటు వచ్చే ఆంగ్ల సూక్తుల సంగ్రహం వేల సంఖ్యలో ఉంటుంది గాని, అందులో ఎక్కువ భాగం నలభై యాభై ఏళ్ల కిందటి అమెరికా విశ్వవిద్యాలయాల హాస్యం. మొదటి రెండు నెలలు ఆసక్తిగా చదివాను. తరువాత వాటి మీద నా చూపు నిలవడం మానేసింది. ప్రోగ్రామును తీసివేద్దామనుకుంటున్న రోజులలోనే, మా జేజి (నాయనమ్మ) మాట్లాడుతూ వాడే సామెతలను ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. ఆ రెండు పనులూ కలిసిన నాటి నుంచే ఇది నాకు నిజంగా పనికివచ్చింది.

సొంత సంగ్రహం తయారుచేయడం చాలా సులభం. సాధారణ టెక్స్ట్ ఫైల్‌లో సామెత రాసి, కింది వరుసలో % గుర్తు ఒక్కటే ఉంచి, దాని కింద మరో సామెత రాస్తే చాలు. ఆ తరువాత స్ట్ర్‌ఫైల్ (strfile) అనే ఆదేశం ఇస్తే, ఏ సామెత ఫైల్‌లో ఎక్కడ మొదలవుతుందో చెప్పే సూచిక తయారవుతుంది. ఫార్చ్యూన్ ఆ సూచికను చూసే సామెతను ఎంచుకుంటుంది. అయితే % తరువాత ఒక్క ఖాళీ కూడా ఉండకూడదు. నేను మొదటిసారి దుకాణంలోని విండోస్ కంప్యూటర్‌లో టైపు చేసి తెచ్చిన ఫైల్‌లో, కంటికి కనిపించని వరుస ముగింపు గుర్తు ఒకటి ప్రతి % పక్కనా అదనంగా చేరినందువల్ల, నూట ఎనభై సామెతలూ కలిసి ఒకే సామెతగా లెక్కకు వచ్చి, టెర్మినల్ తెరవగానే జేజి సంభాషణ అంతా ఒక్కసారిగా తెర మీద పారింది. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, ఫైల్ మధ్యలో కొత్త సామెత చేర్చి స్ట్ర్‌ఫైల్ మళ్లీ నడపడం మరచిపోతే, పాత సూచిక తప్పు చోటికి చూపి, సామెతలు తల లేకుండా తోకలతో మాత్రమే కనిపిస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నన్ను వేధించినది నిడివి లెక్క. చిన్న సూక్తులు మాత్రమే కావాలంటే ఫార్చ్యూన్ ఆదేశానికి -ఎస్ (-s) చేర్చి అడగాలి. 160 అక్షరాల వరకు ఉన్నదానిని చిన్నదిగా తీసుకుంటామని దాని సహాయ పత్రం చెబుతుంది. అలా అడిగితే నా ఫైల్ నుంచి రెండు మూడు ముక్కల సామెతలే వచ్చేవి. జేజి దానిని ఎవరిని ఉద్దేశించి, ఏ సందర్భంలో అన్నదో కింద రాసుకున్నవి ఒక్కటీ వచ్చేవి కావు. స్ట్ర్‌ఫైల్ చివరలో చూపే నివేదికలో నిడివిని అక్షరాలలో కాక బైట్లలో (కంప్యూటర్ నిల్వ కొలతలో) చెబుతున్న సంగతి చాలా ఆలస్యంగా గమనించాను. యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. ‘అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట’ అనే మాటకే ఖాళీలతో కలిపి 150 బైట్లు అవుతాయి. దానికి ఒక్క వివరణ పదం చేర్చినా హద్దు దాటిపోతుంది. -ఎన్ 480 (-n 480) అని హద్దును మూడింతలు చేసుకున్న తరువాత ఆ చిక్కు తీరింది. సహాయ పత్రంలో అక్షరాలు అని రాసి లోపల బైట్లు లెక్కపెట్టడం మాత్రం, ఇంగ్లీషు ఒక్కటే భాష అనుకున్న కాలపు అలవాటు.

పాళ్లు నిర్ణయించుకునే వీలు దీనిలో నాకు బాగా నచ్చిన అంశం. ఏమీ చెప్పకపోతే ఏ ఫైల్‌లో ఎన్ని సూక్తులున్నాయో ఆ నిష్పత్తిలోనే ఎంపిక జరుగుతుంది కనుక, వేల ఆంగ్ల వాక్యాల మధ్య మన సామెత అమావాస్య చంద్రుడే. నేను 70% సామెతలకు, 30% మిగిలినవాటికి అని ఆదేశంలోనే రాసుకున్నాను.

టెర్మినల్ తెరవగానే కనిపించేందుకు, మన ఆదేశాలను అందుకుని నడిపే బాష్ అనే షెల్ ప్రోగ్రాము ఆరంభ ఫైల్‌లో దీనిని పెట్టుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నేను దానిని ఆ ఫైల్ మొదటి వరుసలోనే పెట్టడంతో, దుకాణం నుంచి రాత్రిపూట లెక్కల ప్రతిని ఇంటి కంప్యూటర్‌కు తెచ్చే ఆర్‌సింక్ పని నాలుగు రోజులు విఫలమైంది. ఫైళ్ల సమాచారం కోసం ఎదురుచూస్తున్న ప్రోగ్రాముకు ముందుగా సామెత అందితే అది మాత్రం ఏం చేస్తుంది? మనిషి ఎదురుగా కూర్చుని తెరిచిన షెల్ అవునా కాదా అని పరీక్షించే వరుస కిందికి దానిని జరిపిన తరువాత ఇబ్బంది రాలేదు.

తెలుగు అక్షరాలు తెర మీద ఎలా కనిపిస్తాయన్నది ఫార్చ్యూన్ చేతిలో లేదు. నేను మొదట వాడిన టెర్మినల్‌లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చునేవి. కాన్సోల్ (Konsole) అనే మరో టెర్మినల్‌కు మారిన తరువాత చదవడానికి వీలుగా ఉంది. ఆవు బొమ్మ చేత సూక్తి పలికించే కౌసే ప్రోగ్రాముతో జతచేసి చూశాను గాని, తెలుగు వాక్యం చుట్టూ గీసిన గడి కుడివైపు అంచు కంచె పడిపోయిన కల్లంలా వంకరగా వస్తుంది.

నిరుడు ఆషాఢంలో చినుకు లేక అందరం ఆకాశం వైపు చూస్తున్న రోజులలో, ఒక ఉదయం ‘వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసు’ అని తెర మీద కనిపించింది. కింద నేనే ఎప్పుడో రాసుకున్న వివరణ ఉంది: వేరుశనగ విత్తనాలు కొనుక్కొచ్చిన మా తాతతో జేజి అన్న మాట. జేజి పోయి అప్పటికి మూడేళ్లు. ప్రస్తుతం ఫైల్‌లో 412 ఉన్నాయి. మా మేనత్త ఆదివారాలు ఫోను చేసి, నేను మరచిపోయినవి ఒకటో రెండో చెబుతూ ఉంటుంది. చెప్పిన వెంటనే ఫైల్ చివర చేర్చి స్ట్ర్‌ఫైల్ నడుపుతున్నాను.