నల్గొండలో సీపీసీ శిక్షణ: పాసైనప్పుడు ఐదు నక్షత్రాలు, రెన్యువల్ తర్వాత మూడున్నర

నల్గొండ క్లాక్ టవర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక మందుల దుకాణం పైన రెండో అంతస్తులో ఉన్న మెడికల్ కోడింగ్ శిక్షణ కేంద్రంలో నేను 2023 ఫిబ్రవరి నుంచి నాలుగు నెలలు చదివాను. అదే ఏడాది మెడికల్ కోడర్‌గా గుర్తింపునిచ్చే సీపీసీ పరీక్ష పాసయ్యాను, హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరాను, 2025లో తొలిసారి సర్టిఫికెట్‌ను రెన్యూ చేసుకున్నాను. పాసైన వారమే ఈ సమీక్ష రాసి ఉంటే ఐదుకు ఐదు నక్షత్రాలు ఇచ్చేదాన్ని. రెన్యువల్ కూడా దాటి వచ్చాక రాస్తున్నాను కనుక మూడున్నర ఇస్తున్నాను. తగ్గించిన ఒకటిన్నర ఎందుకో వివరంగా చెప్పడం అవసరమనిపించింది, ఎందుకంటే బీఎస్సీ, బీఫార్మసీ ముగించి ఈ దారిలోకి రావాలనుకుంటున్న మన జిల్లా పిల్లలు ఫీజు కట్టే ముందు అడగవలసిన ప్రశ్నలన్నీ ఆ ఒకటిన్నరలోనే ఉన్నాయి.

మెడికల్ కోడింగ్ అంటే ఏమిటో తెలియనివారి కోసం ఒక మాట. అమెరికాలో వైద్యుడు రోగిని చూసి రాసిన రికార్డును చదివి, అందులోని జబ్బులకు ఐసీడీ-10-సీఎం కోడ్‌లు, చేసిన చికిత్సకు సీపీటీ కోడ్‌లు, మందులు, పరికరాల వంటివాటికి హెచ్‌సీపీసీఎస్ కోడ్‌లు ఇవ్వడం మా పని. బీమా సంస్థ ఆసుపత్రికి డబ్బు చెల్లించేది ఆ కోడ్‌ల ఆధారంగానే. ఈ పని వచ్చని నిరూపించే సర్టిఫికెట్లలో మన దగ్గర ఎక్కువగా వినిపించేది 1988లో మొదలైన ఏఏపీసీ అనే అమెరికా సంస్థ ఇచ్చే సీపీసీ. మా పెద్దనాన్న గారి అమ్మాయి ఒకప్పుడు హైదరాబాద్‌లో ట్రాన్స్‌క్రిప్షన్ చేసేది, అంటే వైద్యులు మాటల్లో చెప్పింది విని నివేదికగా టైప్ చేసేది. ఆ రంగానికి 1978లో ఏర్పడిన అమెరికా సంఘం 2007లో తన పేరులోంచి ట్రాన్స్‌క్రిప్షన్ అన్న మాట తీసేసి, వైద్య నివేదికల సమగ్రత అన్న అర్థం వచ్చే పేరు పెట్టుకుంది. టైప్ చేసినా కోడ్ ఇచ్చినా మన పని ఆ నివేదిక నిజాన్ని కాపాడడమేనని అక్క నాకు మొదట్లోనే చెప్పింది, ఇప్పుడు రోజూ చార్ట్‌లు, అంటే రోగుల రికార్డులు చూస్తుంటే ఆ మాట సరైనదనిపిస్తుంది.

ఇక బోధన విషయానికి వస్తే, ఈ కేంద్రంలో మొదటి నెల మొత్తం అనాటమీ, వైద్య పరిభాష చెప్పారు. చెప్పిన మేడమ్ గతంలో స్టాఫ్ నర్సుగా పనిచేసినవారు కావడం వల్ల ఎముకల పేర్లు బట్టీ పట్టించకుండా, ఏ ఎముక విరిగితే రోగి ఎలా నడుస్తాడో, ఏ కట్టు ఎందుకు వేస్తారో చెబుతూ పాఠం నడిపారు. కోడింగ్ సార్ గైడ్‌లైన్స్‌ను, అంటే ఏ కోడ్ ఎప్పుడు ఇవ్వాలో చెప్పే నియమాలను ఇంతకన్నా శ్రద్ధగా చెప్పారు. గాయాల కోడ్‌లకు చివర వచ్చే ఏడో అక్షరం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ‘ఏ’ అంటే తొలి సందర్శన అని పుస్తకంలో కనిపించే పదాన్ని బట్టి అందరూ అనుకుంటారు. కానీ బండి మీద నుంచి పడి ముంజేయి విరిగినవాడు ఎమర్జెన్సీకి వచ్చినప్పుడూ ‘ఏ’ వస్తుంది, మర్నాడు ఎముకల సర్జన్ దగ్గర ఆపరేషన్ చేయించుకున్నప్పుడూ ‘ఏ’ వస్తుంది, ఎందుకంటే రెండు చోట్లా జరిగింది గాయానికి నేరుగా చేసిన చికిత్సే. నయమయ్యే దశలో కట్టు మార్పించుకోవడానికి వచ్చినప్పుడు మాత్రమే ‘డి’కి మారుతుంది. ఈ తేడా అర్థం కావడానికి మా బ్యాచ్‌కు రెండు రోజులు పట్టింది, సార్ ఆ రెండు రోజులూ విసుక్కోలేదు.

అలాగే ‘ఉండవచ్చు’, ‘అనుమానం’ అన్న మాటల విలువ నాకు తెలిసింది ఇక్కడే. ఆసుపత్రిలో చేరి డిశ్చార్జి అయిన రోగి రికార్డులో న్యుమోనియా కావచ్చని వైద్యుడు చివరి వరకూ రాస్తే ఆసుపత్రి తరఫున దాన్ని ఉన్నట్టుగానే కోడ్ చేస్తారు. అదే మాట ఓపీ రికార్డులో ఉంటే న్యుమోనియా కోడ్ ఇవ్వకూడదు, దగ్గు, జ్వరం వంటి లక్షణాలకే కోడ్ ఇవ్వాలి. రోగికి లేని జబ్బును అతని చరిత్రలో అంటగట్టే హక్కు కోడర్‌కు లేదని సార్ చెప్పినప్పుడు, ఇది డేటా ఎంట్రీ పని కాదని నాకు మొదటిసారి స్పష్టంగా అనిపించింది.

ఒక శనివారం సార్ మమ్మల్ని ఇంట్లో ఉన్న ఆసుపత్రి కాగితాలు ఏవైనా తెమ్మన్నారు. మనుషుల వివరాలు కనిపించకుండా కాగితం అంటించి తెచ్చాం. మాది మర్రిగూడ వైపు ఊరు, నేను మా తాత ఓపీ చిట్టీ తెచ్చాను. నడుము వంగిపోయి, మెడ తిప్పలేని మా తాతకు ఉన్నది ఫ్లోరోసిస్ అని ఊరంతటికీ తెలుసు. కానీ చిట్టీలో రాసి ఉన్నది నడుము నొప్పి అని మాత్రమే. ఆ చిట్టీకి అమెరికా పద్ధతిలో కోడ్ ఇవ్వాల్సి వస్తే ఎం54.50, అంటే కారణం చెప్పని నడుము నొప్పి. వైద్యుడు ఎముకల ఫ్లోరోసిస్ అని రాసి ఉంటే అది ఎం85.1 వరుసలోకి వెళ్ళేది. పళ్ళ మీది ఫ్లోరోసిస్ అయితే కె00.3. మన దగ్గర ఓపీ చిట్టీలకు ఈ కోడ్‌లు వేయరు కాబట్టి అది అభ్యాసం మాత్రమే. అయినా ఒక్క మాట రాయకపోవడం వల్ల ఒక ప్రాంతపు జబ్బు రికార్డులోంచి ఎలా మాయమవుతుందో ఆ శనివారం నల్గొండ పిల్లలకు అర్థమైనంతగా ఇంకెవరికీ అర్థమై ఉండదు. ఇంత మంచి పాఠాన్ని ఏ పెద్ద నగరపు కోచింగ్‌లోనైనా చెప్పగలరా అన్నది నాకు సందేహమే.

లోపాలకు వస్తాను. మాకు ఇచ్చిన మెటీరియల్ పాతది. సీపీటీ కోడ్‌లు ఏటా జనవరి 1న, ఐసీడీ-10-సీఎం కోడ్‌లు ప్రధానంగా అక్టోబర్ 1న మారతాయి. 2023 జనవరి నుంచి అబ్జర్వేషన్ రోగులకు, అంటే చేర్చుకోవాలా వద్దా అని తేలే వరకు ఆసుపత్రిలో ఉంచి గమనించేవారికి విడిగా ఉన్న 99218, 99219, 99220 కోడ్‌లను తొలగించి, ఇన్‌పేషెంట్ రోగుల 99221 నుంచి 99223 వరకు ఉన్న కోడ్‌లలోనే కలిపేశారు. మేము చేరింది ఫిబ్రవరిలో. అయినా మా జిరాక్స్ నోట్స్‌లో ఆ పాత కోడ్‌లతో పదిహేను అభ్యాస ప్రశ్నలు ఉన్నాయి. పక్క బెంచీ అమ్మాయి కొత్త పుస్తకంలో ఎంత వెతికినా ఆ కోడ్‌లు దొరకక, తనకే వెతకడం రావడం లేదేమోనని కంటతడి పెట్టుకుంది. అడిగాక సార్ సరిచేశారు, కానీ అడగని బ్యాచ్‌ల సంగతి ఏమిటన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఫీజు తీసుకునే కేంద్రం ఏటా రెండుసార్లు నోట్స్ సరిచూసుకోవడం కనీస బాధ్యత అని నా గట్టి అభిప్రాయం.

పరీక్ష సన్నద్ధతలో మాత్రం వంక పెట్టలేను. వంద ప్రశ్నలకు నాలుగు గంటలు, అంటే ఒక్కో ప్రశ్నకు రెండు నిమిషాల ఇరవైనాలుగు సెకన్లు. డెబ్బై శాతం వస్తే పాస్. కోడ్ పుస్తకాలు ముందు పెట్టుకునే రాయవచ్చు, కానీ పుస్తకం తెరిచి ఉందన్న ధైర్యంతో వెళ్ళినవాళ్ళకు సమయం చాలదు. పుస్తకంలో ట్యాబ్‌లు ఎక్కడ అంటించాలో, ఏ గైడ్‌లైన్ పక్కన పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలో, ముందు జవాబుల్లో తేడా ఎక్కడుందో చూసి తర్వాత పుస్తకం ఎలా తెరవాలో వారం వారం మాక్ టెస్టులతో అలవాటు చేయించారు. నేను హైదరాబాద్ వెళ్ళి పరీక్ష రాశాను. తెల్లవారుజామున బస్సెక్కి, ఒళ్ళో మూడు లావు పుస్తకాలు పెట్టుకుని వెళ్ళిన ఆ ప్రయాణంలో భయం ఉన్నా, నాలుగు గంటల పనికి చేతులు మాత్రం సిద్ధంగా ఉన్నాయి.

పాసైన తర్వాతి సంగతి మాకు ఎవరూ చెప్పలేదు, నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే. అనుభవం లేకుండా పాసైనవారి సర్టిఫికెట్ మీద సీపీసీ పక్కన ‘ఏ’ అన్న అక్షరం ఉంటుంది, అప్రెంటిస్ అని దాని అర్థం. రెండేళ్ళ పని అనుభవానికి రుజువు చూపిస్తే అది తొలగుతుంది. ఎనభై గంటల కోడింగ్ శిక్షణ పూర్తి చేసినట్టు ధ్రువపత్రం ఉంటే అది ఒక ఏడాది అనుభవంతో సమానమవుతుంది. అంటే నేను ఈ కేంద్రంలో చదివిన గంటలకు సరైన ధ్రువపత్రం ఇచ్చి ఉంటే అది నాకు ఎంతో పనికొచ్చేది. మాకు ఇచ్చింది గంటల లెక్క లేని, రంగుల అంచు ఉన్న ఒక అభినందన పత్రం. తర్వాత రెండుసార్లు ఫోన్ చేసినా గంటలతో కూడిన పత్రం రాలేదు. చివరికి రెండేళ్ళు నిండాకే నా పేరు పక్క ‘ఏ’ పోయింది.

సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి ప్రతి రెండేళ్ళకు 36 సీఈయూలు, అంటే నిరంతర విద్య క్రెడిట్లు సంపాదించాలి, సభ్యత్వాన్నీ కొనసాగించాలి. సాధారణంగా ఒక గంట శిక్షణకు ఒక క్రెడిట్. రెండో సర్టిఫికెట్ కూడా ఉంటే 48 కావాలి. అప్రెంటిస్‌కు మినహాయింపు లేదు. మా బ్యాచ్‌లో ముందుగా పాసైన ఒకమ్మాయి పెళ్ళి, కాన్పు హడావిడిలో ఈ గడువు సంగతే తెలియక సర్టిఫికెట్ పోగొట్టుకుంది. ఆమెకు తెలివి తక్కువై కాదు, తరగతిలో ఈ మాట ఒక్కసారి కూడా వినపడకపోవడం వల్ల.

నేను నెలకు రెండు క్రెడిట్లు అని లెక్క పెట్టుకుని, ప్రతి ధ్రువపత్రాన్నీ వచ్చిన రోజే ఫోన్‌లో ఒక చోట దాచుకుంటూ వచ్చాను. ఇవి కాగితం కోసం చేసే పనులు కావని అనుభవంలో తెలిసింది. 2024 అక్టోబర్ 1 నుంచి స్థూలకాయానికి మూడు తరగతులుగా ఇ66.811, ఇ66.812, ఇ66.813 అన్న కొత్త కోడ్‌లు వచ్చాయి. వాటి మీద విన్న ఒక్క గంట క్లాసులో, తరగతి ఏదో వైద్యుడే రాయాలని, ఎత్తు, బరువులను బట్టి లెక్కించే బీఎంఐ సంఖ్య చూసి కోడర్ నిర్ణయించకూడదని తెలిసింది. ఆ తర్వాతి వారమే నా చార్ట్‌లలో అలాంటి రికార్డు వచ్చింది. ఆ గంట వినకపోతే సంఖ్యను బట్టి నేనే తరగతి వేసేసి, ఆడిట్‌లో తప్పు తెచ్చుకునేదాన్ని. ఒక రోగి రికార్డులో వైద్యుడు అనని మాటను చేర్చినదాన్నీ అయ్యేదాన్ని.

మిగతా వివరాలు క్లుప్తంగా. ఫీజు రెండు విడతలుగా కట్టనిచ్చారు. పరీక్ష ఫీజు, సభ్యత్వం, పుస్తకాల ఖర్చు విడిగా ఉంటాయి, ఈ మాట ముందే చెప్పారు. గది ఇరుకు, వేసవిలో కష్టం. ఉద్యోగం ఖాయమని గోడ మీద రాసిన మాటను నమ్మవద్దు. నాకు ఉద్యోగం వచ్చింది ఆరు ఇంటర్వ్యూల తర్వాత, నా ప్రయత్నంతో.

దేవరకొండ, మిర్యాలగూడ, నకిరేకల్ వైపు నుంచి వచ్చి, హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు భరించలేని వారికి ఈ కేంద్రాన్ని నేను ఇప్పటికీ సూచిస్తాను. కట్టే ముందు మూడు విషయాలు మాత్రం గట్టిగా అడగండి: నోట్స్ ఏ సంవత్సరపువి, చదివిన గంటలు చూపే ధ్రువపత్రం ఇస్తారా, పాసైన తర్వాత క్రెడిట్ల గురించి ఎవరు చెబుతారు. పోయిన నెల దసరాకు ఇంటికి వచ్చినప్పుడు నేనే వెళ్ళి సార్‌తో ఇవన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, బోర్డు మీద ఒక మూలన జనవరి 1, అక్టోబర్ 1 అని రాసి చుట్టూ గీత గీశారు. రెన్యువల్ మీద ఒక ఆదివారం క్లాసు చెప్పమని నన్నే అడిగారు, ఒప్పుకున్నాను. గంటలు చూపే ధ్రువపత్రం గురించి మాత్రం ఇంకా జవాబు రాలేదు. అది ఇవ్వడం మొదలుపెట్టిన రోజు ఈ మూడున్నరను నాలుగున్నర చేస్తాను.