హైదరాబాద్ నుంచి విశాఖకు విమానం: గంట ప్రయాణానికి పట్టే అసలు సమయం

ఉద్యోగం హైదరాబాద్‌లో, కుటుంబం విశాఖపట్నంలో ఉండడం వల్ల కొన్నేళ్లుగా ఈ రెండు నగరాల మధ్య ఎక్కువగా విమానంలోనే రాకపోకలు సాగిస్తున్నాను. శంషాబాద్ నుంచి విశాఖ విమానాశ్రయానికి ఆకాశ మార్గాన దూరం సుమారు 510 కిలోమీటర్లు. వరంగల్, విజయవాడల మీదుగా వెళ్లే రైలుకు అదే దాదాపు 700 కిలోమీటర్లు అవుతుంది. జెట్ విమానం గాలిలో ఉండేది ఇంచుమించు గంట. టికెట్టు మీద గంటంబావు, ఒక్కోసారి మరికొంత ఎక్కువ కనిపించడానికి కారణం, రన్‌వే దాకా వెళ్లడానికీ దిగాక టెర్మినల్‌కు చేరడానికీ పట్టే సమయాన్ని కూడా అందులో కలపడమే. రెక్కలకు పంకాలుండే ఏటీఆర్ విమానమైతే వేగం తక్కువ కాబట్టి ఇంకో పావుగంట అదనంగా వేసుకోవాలి.

దిగేటప్పుడు జరిగే ఆలస్యానికి విశాఖ నైసర్గిక స్వరూపం కొంత కారణం. అక్కడి విమానాశ్రయం నౌకాదళ స్థావరమైన ఐఎన్‌ఎస్ డేగాలో ఉంది; చుట్టుపక్కల కొండలున్నాయి. అందువల్ల పడమటి నుంచి వచ్చే విమానం చాలాసార్లు ఊరు దాటి సముద్రం మీదికి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి తీరం వైపు నుంచి దిగుతుంది. ఎడమ కిటికీ దగ్గర సీటు దొరికితే, రేవులో చోటు కోసం సముద్రంలో లంగరు వేసుకున్న ఓడలు, ఆ తరువాత డాల్ఫిన్స్ నోస్ కొండ స్పష్టంగా కనిపిస్తాయి. ఈ చుట్టుతిరుగుడుకు పట్టే నిమిషాల మీద నాకు ఫిర్యాదేమీ లేదు.

అసలు సమయమంతా నేల మీదే ఖర్చవుతుంది. కూకట్‌పల్లి వైపు నుంచి బయలుదేరేవారికి, పుష్పక్ బస్సెక్కినా ఔటర్ రింగు రోడ్డు మీదుగా కారులో వెళ్లినా, శంషాబాద్ చేరడానికి గంటకు పైగా పడుతుంది. చెక్-ఇన్ కౌంటర్లు సాధారణంగా గంట ముందు, బోర్డింగ్ గేటు 25 నిమిషాల ముందు మూసేస్తారు గనుక, భద్రతా తనిఖీ వరుసను కూడా లెక్కలోకి తీసుకొని మూడు గంటల ముందే ఇల్లు కదలవలసి వస్తుంది. విశాఖలో మాత్రం విమానాశ్రయం ఎన్‌ఏడీ కూడలికి దగ్గర కాబట్టి దిగిన కాసేపటికే ఊళ్లో ఉంటాం. మొత్తం మీద గుమ్మం నుంచి గుమ్మానికి దాదాపు ఐదు గంటలు.

2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ రైలు ఎనిమిదిన్నర గంటల్లో చేరుస్తుంది. స్టేషన్లకు వెళ్లిరావడం కలిపినా విమానంతో తేడా ఐదు గంటలు మించదు. ఉదయం వెళ్లి పని చూసుకొని రాత్రికి తిరిగి రావలసినవారికి విమానమే దారి. అంత తొందర లేనివారు, ముఖ్యంగా సంక్రాంతి రోజుల్లో విమాన ఛార్జీలు చుక్కలంటినప్పుడు, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారేసరికి ఇల్లు చేరడమే మేలని నా అభిప్రాయం.

విమానాలు భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి నడిచినప్పుడు ఈ లెక్క మారుతుంది. విశాఖ నగరం నుంచి అది 45 కిలోమీటర్ల దూరం. విజయనగరం వారికి వెసులుబాటు కలుగుతుంది గానీ, గాజువాక వారు మాత్రం ఐదు గంటలకు ఇంకో గంటైనా కలుపుకోవాలి.