పిల్లలతో సింగపూర్‌లో మొదటి రోజు: గార్డెన్స్ బై ద బేలో ఏది చూడాలి, ఏది వదిలేయాలి

న్యూజెర్సీ నుంచో వర్జీనియా నుంచో హైదరాబాద్ వెళ్తూ మధ్యలో సింగపూర్‌లో ఆగే కుటుంబాలకు మొదటి రోజుకు సరైన చోటు గార్డెన్స్ బై ద బే అనే పెద్ద తోట. జూకీ, వినోదాల దీవి సెంటోసాకీ రోజంతా ఓపిక కావాలి. ఇక్కడ సగంలో లేచి వచ్చేసినా పెద్ద నష్టం లేదు. బయటి తోట, పిల్లల తోట, రాత్రి లైట్ల షో, మూడూ ఉచితమే. టికెట్ కొనాల్సింది ముఖ్యంగా మొక్కలు పెంచే అద్దాల డోములకు, సూపర్‌ట్రీల (చెట్ల ఆకారంలో కట్టిన ఎత్తైన కట్టడాల) మధ్య వేలాడే నడక వంతెన స్కైవేకి.

అయితే ఏ వేళకు ఏది అన్నది తప్పితే రోజంతా ఏడుపులే. అమెరికాలో వేసవి టైమ్ నడిచే నెలల్లో న్యూజెర్సీకీ సింగపూర్‌కీ సరిగ్గా 12 గంటల తేడా, చలికాలంలో 13. అంటే ఇక్కడి మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదు వరకు ఒంటికి అర్ధరాత్రి దాటిన వేళ. పొద్దున దిగిన హుషారులో పిల్లలు బాగానే తిరుగుతారు, అన్నం తిన్నాక ఉన్నచోటే వాలిపోతారు. మళ్లీ సాయంత్రం ఏడయ్యేసరికి వాళ్లకు తెల్లవారినట్టే.

అందుకే పొద్దున 9కి గేటు తీయగానే పిల్లల తోట. ఎండ ఇంకా ముదరదు. నేలలోంచి చిమ్మే నీళ్ల కింద ఐదేళ్లలోపు వాళ్లకు వేరే చోటుంది, పెద్ద పిల్లలకు చెట్ల ఇళ్లు, వంతెనలు. గంటన్నర చాలు. రెండు జతల బట్టలు, తువ్వాలు చేతి సంచిలోనే పెట్టుకోండి, సూట్‌కేసులో పెడితే అది హోటల్లో ఉండిపోతుంది. తడి బట్టలతో డోములోకి మాత్రం తీసుకెళ్లొద్దు. బయట 31, 32 డిగ్రీలు, లోపల 23 నుంచి 25. ఒళ్లు పూర్తిగా తుడిచి పొడిబట్టలు వేశాకే కదలండి.

డోముల్లో మొదటి రోజుకు క్లౌడ్ ఫారెస్ట్ ఒక్కటి చాలు. 35 మీటర్ల కొండ, దాని మీద నుంచి దూకే జలపాతం, లోపలికి అడుగుపెట్టగానే ముఖం మీద పడే చల్లటి తుంపర. ప్రయాణ బడలికకు దీన్ని మించిన మందు లేదు. ముందు లిఫ్టులో పైకి వెళ్లి, నడక వంతెనల మీదుగా కిందికి దిగుతూ రావాలి. ఫ్లవర్ డోము కూడా అందమైనదే, ఆలివ్ చెట్లు, బావోబాబ్‌లు తీరిగ్గా చూడాల్సినవి. కానీ నిద్రకు తూలుతున్న పిల్లలకు అవేం పడతాయి? టికెట్ విడిగా దొరికితే దాన్ని మర్నాటికి ఉంచుకోండి. డోములోంచి బయటికి రాగానే కళ్లద్దాలు, ఫోన్ కెమెరా మసకబారతాయి. బయటి తేమ చల్లటి అద్దం మీద పేరుకోవడమే కారణం. కొద్దిసేపు ఆగితే అదే పోతుంది.

అసలు చిక్కు హోటల్ దగ్గర. విమానం తెల్లవారుజామున దిగినా, గది ఇచ్చేది చాలాచోట్ల మధ్యాహ్నం 2, 3 గంటలకు. పిల్లలు వాలిపోయేదీ అప్పుడే. ముందే రాసి ఎర్లీ చెకిన్ అడగండి, కుదరదంటే ముందు రాత్రికి కూడా గది తీసుకోండి. ఈ ట్రిప్పులో అంతకన్నా సార్థకమైన ఖర్చు ఇంకోటి లేదు. పడుకోబెట్టాక గంటన్నరకు అలారం పెట్టి, కర్టెన్లు తీసి లేపాలి. జాలిపడి వదిలేస్తే రాత్రంతా జాగారమే.

బస లిటిల్ ఇండియాలో అయితే మేలు. తోట దగ్గరి బేఫ్రంట్ స్టేషన్ నుంచి డౌన్‌టౌన్ లైన్‌లో నాలుగో స్టాపు. తోటలోని తిండి స్టాళ్ల చోటు సాటే బై ద బేలో శాకాహారులకు దొరికేది తక్కువ. లిటిల్ ఇండియాలోని సెరంగూన్ రోడ్డులో 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్‌లో ఇడ్లీ, దోసె, భోజనం ఉన్నాయి. రాత్రి 2కి పిల్లలకు ఆకలేస్తుంది, ఒంటికి అది మధ్యాహ్న భోజనం వేళ మరి. అరటిపళ్లు, బ్రెడ్డు గదిలో ఉంచుకోండి. కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు.

ఎయిర్‌పోర్టు నుంచి సామానుతో టాక్సీయే ఎక్కండి. యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లలో 1.35 మీటర్ల కన్నా పొట్టి పిల్లలకు చైల్డ్ సీటు తప్పనిసరి, టాక్సీలకు ఆ నిబంధన లేదు. మెట్రోలో నీళ్లు తాగినా జరిమానా, పాలసీసా బయటికి తీయొద్దు.

లైట్ల షో రాత్రి 7.45కి, 8.45కి. మొదటిదే చూడండి. సూపర్‌ట్రీల కింద దుప్పటి పరిచి వెల్లకిలా పడుకుంటే మెడ నొప్పి ఉండదు. షో పదిహేను నిమిషాలే, తొమ్మిదికల్లా గదికి చేరి దీపాలు తగ్గించేయొచ్చు. స్కైవే 22 మీటర్ల ఎత్తున 128 మీటర్ల నడక. ఎత్తంటే ఇష్టం ఉంటే బాగుంటుంది, మొదటి రోజుకు మాత్రం వద్దు. ఉరుముల వాన వస్తే దాన్నీ, పిల్లల నీళ్ల ఆటనూ ఆపేస్తారు.

సోమవారం దిగేవాళ్లు ఒక మార్పు చేసుకోవాలి. పిల్లల తోటకు ఆ రోజు సెలవు. నేరుగా 9కి క్లౌడ్ ఫారెస్ట్‌కు వెళ్లి, 11కల్లా లిటిల్ ఇండియాకు తిరిగొచ్చేయండి.