కువైట్ రూమ్మేట్లతో కడపలో రెండు రోజులు

కువైట్‌లో మాకు వీకెండ్ అంటే శుక్ర, శనివారాలు. ఫర్వానియాలో ఒకే రూమ్‌లో ఉండే ముగ్గురం సూక్ ముబారకియాలో తిరిగి, సాయంత్రానికి కువైట్ టవర్స్ దగ్గర సముద్రం ఒడ్డున కూర్చుంటాం. అక్కడ కూర్చున్నప్పుడల్లా నేను "మా గండికోట చూడాల్రా మీరు" అని కోతలు కోసేవాణ్ణి. మొన్న జనవరిలో ముగ్గురికీ ఒకేసారి సెలవు దొరికేసరికి రాజమండ్రివాడూ, నిజామాబాద్ అన్నా నిజంగానే కడపలో దిగిపోయారు. నేను గండికోటకు పోయింది మాత్రం టెన్త్‌లో ఒకేసారి.

ఇంటి నిండా పెళ్ళికొచ్చిన చుట్టాలే ఉన్నారని శుక్రవారం రాత్రికి వాళ్ళ కోసం బస్టాండ్ దగ్గర ఒక లాడ్జి ఆన్‌లైన్‌లో చూసి బుక్ చేశా. ఫోటోలో ఉన్న కిటికీ రూమ్‌లో లేదు. 24 గంటలూ వేడినీళ్ళు అన్నారు కదా అని అడిగితే కుర్రాడు బకెట్‌తో తెచ్చి గుమ్మంలో పెట్టి యాభై ఇమ్మన్నాడు. పరువు పోయింది.

పొద్దున కారం దోశ కాపాడింది. ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, పెనం మీదే మడిచి ఇచ్చాడు. రాజమండ్రివాడు రెండో ముక్కకే నీళ్ళ గ్లాసు వెతుక్కున్నాడు, అయినా ఇంకోటి చెప్పాడు.

ఊళ్ళో చూసినవి మూడే. దేవుని కడప గుడి తిరుమలకు తొలి గడప అంటారు; వెంకన్న భార్య బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అని ఉగాదికి ముస్లింలు కూడా ఇక్కడికొస్తారని చెబితే నిజామాబాద్ అన్న నమ్మలేదు, పూజారిని అడిగాడు. తర్వాత పెద్ద దర్గా, తల మీద వేసుకోవడానికి రుమాలు తీసుకుపోండి. బ్రౌన్ గ్రంథాలయంలో తాళపత్రాలున్నాయి, కానీ మావాళ్ళకు అంత ఓపిక లేకపోయింది, అరగంటలో బయటపడ్డాం. ఆటోవాళ్ళతో ఎక్కకముందే రేటు మాట్లాడుకోండి.

మధ్యాహ్నం కారు మాట్లాడుకుని గండికోట పోయాం. బస్సులో అయితే జమ్మలమడుగులో దిగాలి, అక్కణ్ణుంచి ఇంకో 15 కిలోమీటర్లు. టూరిజం వాళ్ళ హరిత హోటల్ ఉంది గానీ మేము సరదాపడి ప్రైవేటు టెంటు తీసుకున్నాం. ఆ తప్పు మీరు చేయొద్దు. బాత్రూమ్‌కు టార్చి వేసుకుని నడవాలి, పక్క టెంట్లవాళ్ళు ఒంటిగంట దాకా స్పీకర్లు ఆపలేదు, చలికి ఇచ్చిన దుప్పటి నా కాళ్ళకే చాలలేదు.

కానీ తెల్లారుజామున కోట దాటి లోయ అంచుకు పోయాక ఇదంతా మర్చిపోయాం. ముందురోజు సాయంత్రం "ఇదా మీ పెన్న? మా దగ్గర దీన్ని పంటకాలవంటారు" అని నవ్విన రాజమండ్రివాడు, ఎర్ర బండల మీదికి ఎండ ఒక్కో వరసే దిగుతుంటే బండను పట్టుకుని కూర్చుని ఫోన్ కూడా తీయలేదు. అంచున కంచె లేదు, పిల్లల్ని తీసుకుపోతే చెయ్యి వదలొద్దు. చెప్పులు కాదు, షూలు వేసుకోండి. లోపల మాధవరాయ స్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం దగ్గర్దగ్గరే ఉన్నాయి. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి వ్యాపారి గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఈ కోటకే వచ్చాడు. ధాన్యాగారంలో నిజామాబాద్ అన్న "ఏం రా" అని అరిచి, తన గొంతు తిరిగొస్తే మళ్ళీ మళ్ళీ అరిచాడు.

తిరుగుదారిలో కడప దాటి ఒంటిమిట్ట కూడా చూశాం. సీతారామలక్ష్మణులు ముగ్గురూ ఒకే శిలలో ఉంటారు, గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. ఆదివారమైనా దర్శనం తొందరగానే అయింది. నన్నడిగితే గుడికన్నా ముందు మండపం స్తంభాలకు టైమ్ ఇవ్వండి. సిద్ధవటం కోట కాస్త పక్కనే ఉన్నా రాజమండ్రివాడి రైలుకు టైమైందని వదిలేశాం.

స్టేషన్‌లో చూస్తే అమ్మ కట్టిచ్చిన పప్పుల పొడి వాడి బ్యాగులో చినిగి, పాస్‌పోర్టు కవరంతా కారం.