చిన్న రోబో ఆర్మ్ కొనేముందు ఎన్‌కోడర్ బ్యాటరీ సంగతి అడగండి

మాది జీడిమెట్లలో చిన్న ప్యాకింగ్ యూనిట్. సిరప్ సీసాలు కార్టన్లలో పెట్టడానికి సిక్స్ యాక్సిస్ ఆర్మ్ (ఆరు జాయింట్ల రోబో చెయ్యి) ఒకటి, మూతలు పెట్టే దగ్గర స్కారా (చెయ్యి అడ్డంగా తిరిగే రకం రోబో) ఒకటి ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. పేలోడ్ (ఎంత బరువు ఎత్తుతుంది), రీచ్ (ఎంత దూరం అందుతుంది) బ్రోషర్లో చూసుకోండి, నా ఏడుపంతా బ్యాటరీ మీదే.

ఏ జాయింట్ ఎంత తిరిగిందో కొలిచేది ఎన్‌కోడర్. మెయిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు ఏ జాయింట్ ఎక్కడుందో మా సిక్స్ యాక్సిస్‌కి గుర్తుండేది బేస్‌లో ఉండే సెల్స్ వల్లే. దసరా అయ్యాక ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్ట్) అబ్బాయి సెల్స్ మార్చడానికి వచ్చాడు, ఏ ప్యానెల్ ముట్టుకున్నా ముందు చేసే పనే, మెయిన్ ఆఫ్ చేసి పాత సెల్స్ పీకి కొత్తవి వేశాడు. అక్కడే కొంప మునిగింది. ఈ మోడల్లో పవర్ ఆన్‌లోనే ఉంచి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి మార్చాలంట. ఆన్ చేయగానే ఆరు జాయింట్లకీ అలారం, జీరో పోయింది, అంటే ఏ జాయింట్ ఎక్కడుందో అది మర్చిపోయింది.

ఇక ఒక్కో జాయింట్‌నీ పెండెంట్ (చేత్తో పట్టుకుని రోబోని నడిపే రిమోట్) మీద మెల్లగా జరిపి, దాని మీదున్న జీరో గీతకి కలపాలి. ఒకచోట గీతే కనపడదు, చూస్తే ఆయుధపూజకి పెట్టిన పసుపు, కుంకుమ సరిగ్గా దాని మీదే ఉంది! తుడిచి కలిపాం. అయినా కంటితో కలిపింది కదా, మొదటి జాయింట్లో 0.1 డిగ్రీ తేడా ఉన్నా 700 మిల్లీమీటర్ల దూరంలో 1.2 మిల్లీమీటర్లు పక్కకి పోతుంది, సీసా కార్టన్ అంచుకి తగిలి మడత నలిగిపోతోంది, చివరికి ఆర్మ్ వెళ్లాల్సిన పాయింట్లన్నీ మళ్లీ టీచ్ చేసుకుంటూ కూర్చున్నాం. కొన్న కొత్తలో "దీన్ని ముట్టుకునే పనే లేదు" అని పక్క షెడ్ వాళ్లకి తెగ చెప్పా, ఇప్పుడైతే "పండగ సెలవులు రానంతవరకు" అని కలుపుతున్నా.

స్కారా ఈ గొడవంతా పెట్టలేదు, దాన్లో ఎన్‌కోడర్‌కి బ్యాటరీయే లేదు. ఎప్సన్ టీ సిరీస్ లాంటివి అలాగే వస్తాయి. అలాగని స్కారాయే కొనండి అననులెండి, అది నాలుగు యాక్సిస్‌లే, నిలబడ్డ సీసాని పడుకోబెట్టి కార్టన్లోకి తోయాలంటే దాని వల్ల కాదు. ట్రేలోంచి తీసి పక్కన పెట్టే పనికైతే చాలు, స్పీడ్ కూడా బావుంటుంది. కోబాట్ (మనుషుల పక్కనే పనిచేసేలా చేసిన రోబో) కూడా చూశాం, కంచె అక్కర్లేదన్నారు గానీ మా గ్రిప్పర్ వేళ్లు పదును, రిస్క్ అసెస్‌మెంట్ చేస్తే కంచె మళ్లీ వచ్చేలా ఉంది, పైగా మనిషి పక్కనుంటే మెల్లగా నడపాలి.

మాది ఒక్క షిఫ్టే, రాత్రి మెయిన్ దించేస్తాం, సెల్స్ మీద భారం అంతా అప్పుడే. మూడు షిఫ్టులు నడిపే వాళ్లకి ఇది పెద్ద విషయం కాకపోవచ్చు, వాళ్లు మా ఆర్మ్ లాంటిదే తీసుకున్నా నష్టం లేదనుకుంటా, కాకపోతే సెల్స్ మార్చే పద్ధతి ముందే రాయించుకుని బేస్ మూత మీద అతికించుకోండి.