సొంత ఐపీ అడ్రస్‌లు కొన్నేళ్లు వాడాక: చెన్నై నుంచి ఒక సమీక్ష

చెన్నై గిండీలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్ సంస్థకు నెట్‌వర్క్ పనులు చూస్తుంటాను. నగరంలోని కలెక్షన్ సెంటర్లు మా సర్వర్లకే కనెక్టవుతాయి. ఆస్పత్రులకు, ఇన్సూరెన్స్ కంపెనీలకు రిపోర్టులు కూడా ఇక్కడి నుంచే వెళ్తాయి. 2019 నుంచి మేం ఐఎస్‌పీ (ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చే కంపెనీ) ఇచ్చిన ఐపీ అడ్రస్‌లు (ఇంటర్నెట్‌లో మెషీన్లను గుర్తించే నంబర్లు) కాకుండా, అడ్రస్‌లు పంచే రిజిస్ట్రీలో మా సంస్థ పేరు మీదే నమోదైనవి వాడుతున్నాం. ఇలా తీసుకోవడం మంచిదేనా అని ఇక్కడి మన తెలుగు మిత్రులు తరచూ అడుగుతుంటారు. ఐపీవీ4 అంటే పాత రకం అడ్రస్‌లు, అవి దాదాపు అయిపోయాయి; ఐపీవీ6 కొత్త రకం, వాటికి కొరత లేదు. సొంత సర్వర్లు, రెండు లైన్లు ఉన్నవాళ్లను ఐపీవీ6కైతే తప్పకుండా తీసుకోమంటాను. ఐపీవీ4 మాత్రం నిజంగా అవసరం ఉన్నవాళ్లే తీసుకోవాలి.

అంతకుముందు మా కష్టం ఏమిటంటే, ఐఎస్‌పీ మారితే అడ్రస్‌లు వాళ్లకు తిరిగి ఇచ్చేయాలి. మా సర్వర్లలో కొత్త అడ్రస్‌లు పెట్టుకోవడం ఒక రాత్రి పని. అసలు తలనొప్పి అవతలివాళ్ల దగ్గర. ప్రతి ఆస్పత్రీ మా అడ్రస్‌ను తన ఫైర్‌వాల్‌లో (నెట్‌వర్క్‌కు కాపలా కాసే వ్యవస్థ) వైట్‌లిస్ట్ చేసి, అంటే అనుమతించినవాటి జాబితాలో చేర్చి పెట్టుకుంటుంది. దాన్ని మార్చాలంటే ఒకచోట మెయిల్ చాలు, ఇంకోచోట ఫారం నింపాలి, మరోచోట నెలకోసారి జరిగే సెక్యూరిటీ మీటింగ్‌లో ఓకే చేయాలి. ఈ సంగతి ఐఎస్‌పీకి బాగా తెలుసు. అందుకే రెన్యువల్ సమయంలో రేటు పెంచినా మేం కిక్కురుమనకుండా కట్టేవాళ్లం.

ఆసియా పసిఫిక్ ప్రాంతానికి ఐపీ అడ్రస్‌లు పంచేది ఎపీనిక్. దాని ఆఫీసు ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఉంది. మన దేశానికి నిక్సీ (నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియా) కింద 2012 నుంచి ఐఆర్‌ఐఎన్‌ఎన్ అనే రిజిస్ట్రీ పనిచేస్తోంది. మేం ఐఆర్‌ఐఎన్‌ఎన్ ద్వారానే తీసుకున్నాం. మాలాంటి చిన్న వాడకందారు ఐపీవీ4 అడగాలంటే రెండు ఐఎస్‌పీలతో కనెక్షన్ ఉండాలి, లేదా త్వరలో పెట్టుకోబోతున్నట్టు ప్లాన్ చూపించాలి. అడిగిన వాటిలో 25 శాతం వెంటనే, 50 శాతం ఏడాదిలోపు వాడగలమని కూడా చూపాలి. 256 అడ్రస్‌ల బ్లాక్‌కు అది 64, 128 అవుతుంది. ఏ సర్వర్‌కు ఏది, ఏ వీపీఎన్‌కు ఏది అని కాగితం మీద పెడితే గానీ మా అవసరం ఎంతో మాకే సరిగ్గా తెలియలేదు. దరఖాస్తు పనిలో నాకు బాగా నచ్చింది ఇదే. లెక్క వేశాక 256 కంటే ఎక్కువ అడగాల్సిన పనే కనిపించలేదు.

అడిగినా పెద్దగా దొరకవు. ప్రపంచ స్థాయి నిల్వలోని చివరి ఐపీవీ4 బ్లాకులను 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. అదే ఏడాది ఏప్రిల్ 15న ఎపీనిక్ తన చివరి పెద్ద బ్లాక్‌కు వచ్చేసి, సభ్యుడికి 1,024కు మించి ఇవ్వకూడదన్న రేషన్ మొదలుపెట్టింది. 2019లో దాన్ని 512కు తగ్గించింది. కొత్తగా వచ్చేవాళ్లకు కొన్నైనా మిగలాలంటే ఇలా బిగించక తప్పదు.

ఇలా నేరుగా కేటాయించిన అడ్రస్‌లను మనమే వాడుకోవాలి. ఇంకొకరికి పంచకూడదు. పక్క బిల్డింగ్‌లోని ఒక పరిచయస్తుల కంపెనీ నాలుగు అడ్రస్‌లు అడిగితే కుదరదని చెప్పాను. వాళ్లు కొంచెం నొచ్చుకున్నారు, అయినా నేను ఒప్పుకోలేదు. అవసరం చూపి తీసుకున్నవాటిని అద్దెకు తిప్పడం మొదలైతే ఈ పద్ధతికి అర్థమే ఉండదు.

ఐపీవీ6లో ఈ ఇరుకు లేదు. ఒక సంస్థకు మామూలుగా స్లాష్ 48 అనే సైజు బ్లాక్ ఇస్తారు. అందులో 65,536 సబ్‌నెట్లు (విడివిడి చిన్న నెట్‌వర్క్‌లు) వస్తాయి. ల్యాబ్ మెషీన్లు, బిల్లింగ్, సీసీ కెమెరాలు, గెస్ట్ వైఫై, అన్నిటికీ వేరువేరుగా ఇచ్చాం. ఐఎస్‌పీ మారినా ఇవి మారవు కాబట్టి ప్లాన్ ఒక్కసారి గీసుకుంటే చాలు. ఒక పరిమితి మాత్రం ఉంది. స్లాష్ 48 కంటే చిన్న ముక్కను ఇంటర్నెట్‌లో ప్రకటిస్తే, అంటే ఈ అడ్రస్‌లు మా దగ్గరున్నాయని మిగతా నెట్‌వర్క్‌లకు చెబితే, చాలా నెట్‌వర్క్‌లు తీసుకోవు. కాబట్టి బ్రాంచ్ సొంత లైన్ మీద మా బ్లాక్‌లో ముక్క వాడుకోవడం కుదరదు, టన్నెల్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే సొంత దారి) వేసుకుని గిండీ మీదుగానే రావాలి.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుఫాను వచ్చినప్పుడు ఇదంతా పరీక్షకు నిలబడింది. మా మొదటి లీజ్డ్ లైన్ (సంస్థకే ప్రత్యేకంగా ఇచ్చే కనెక్షన్) పూర్తిగా పోయింది. బీజీపీ (ఏ అడ్రస్‌కు ఏ దారిలో వెళ్లాలో నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి చెప్పుకునే పద్ధతి) వల్ల మా ఐపీవీ4 బ్లాక్ కొన్ని నిమిషాల్లోనే రెండో లైన్ మీదికి మారింది. ఏ ఆస్పత్రికీ ఫోన్ చేయాల్సిన పని పడలేదు. వానలో ఇల్లు కదలలేని పేషెంట్ల రిపోర్టులు డాక్టర్లకు అందుతూనే ఉన్నాయి. ఐపీవీ6 మాత్రం కదల్లేదు. మా టీమ్‌లోని నెల్లూరు కుర్రాడు ట్రేస్ (డేటా వెళ్లే దారి చూపే పరీక్ష) చూసి, "అన్నా, వీ4 పోతా ఉంది, వీ6 మాత్రం వాళ్ల దగ్గరే ఆగిపోతా ఉంది" అన్నాడు. ఆ రెండో ఐఎస్‌పీ తన ఫిల్టర్‌లో (ఏ అడ్రస్‌లను అనుమతించాలో చెప్పే జాబితా) మా ఐపీవీ6 బ్లాక్‌ను చేర్చనే లేదు. ఒప్పందంలో మాత్రం స్పష్టంగా రాసి ఉంది. ఆ రోజు పడ్డ టెన్షన్ తర్వాత, మూడు నెలలకోసారి రాత్రిపూట మొదటి లైన్‌ను మేమే ఆపి చూస్తున్నాం.

ఖర్చు సంగతికొస్తే, రిజిస్ట్రీకి ఏటా కట్టే ఫీజు కంటే లైన్ల ఖర్చే ఎక్కువ. మామూలు ఆఫీస్ బ్రాడ్‌బ్యాండ్ మీద మన అడ్రస్‌లను ప్రకటించరు. రెండు చోట్లా లీజ్డ్ లైన్లే తీసుకోవాలి. బీజీపీ తెలిసిన మనిషి కావాలి. సొంత ఏఎస్ నంబర్ (ఇంటర్నెట్‌లో మన నెట్‌వర్క్‌ను గుర్తించే నంబర్) తీసుకుని, ఈ బ్లాక్‌ను ప్రకటించే హక్కు ఆ నంబర్‌కే ఉందని ఆర్‌పీకేఐలో (అడ్రస్‌ల హక్కులను డిజిటల్‌గా ధృవీకరించే వ్యవస్థ) ఆర్‌ఓఏ అనే పత్రం నమోదు చేయాలి. అందులో నంబర్ తప్పు పడితే చాలా నెట్‌వర్క్‌లు మన రూట్‌ను పారేస్తాయి. మొదట్లో కొన్ని వెబ్‌సైట్లు మమ్మల్ని వేరే దేశంలో ఉన్నట్టు చూపించాయి. లొకేషన్ డేటాబేస్‌లు నడిపేవాళ్లకు మెయిళ్లు పెట్టాక సర్దుకుంది.

మొబైల్ నంబర్ పోర్టబిలిటీ లాగే ఇది కూడా అందరికీ ఇచ్చేయొచ్చు కదా అని కొందరు వాదిస్తారు. నేను ఒప్పుకోను. మా ఒక్క బ్లాక్ ఐఎస్‌పీ బ్లాక్‌లో కలవకుండా విడిగా ఉన్నందువల్ల, పూర్తి టేబుల్ (ఇంటర్నెట్‌లోని అడ్రస్ బ్లాకులన్నిటికీ దారులు చూపే పట్టిక) మోసే ప్రతి పెద్ద రూటర్‌లోనూ దానికొక వరుస పడుతుంది. ఐపీవీ4 టేబుల్ ఇప్పటికే సుమారు పది లక్షల వరుసలకు చేరింది. మా సౌకర్యానికి అయ్యే మెమరీ ఖర్చు మాకు సంబంధం లేనివాళ్లంతా మోస్తున్నారు. కాబట్టి అవసరం చూపమని అడగడం న్యాయమే.

సర్వర్లన్నీ క్లౌడ్‌లోనే ఉన్నవాళ్లకు, ఒకే లైన్‌తో నడిచే ఆఫీసులకు ఇది వద్దని చెబుతాను. మీ అడ్రస్‌ను బయటివాళ్లు చాలామంది వైట్‌లిస్ట్ చేసుకుని ఉంటే మాత్రం వెంటనే ప్లాన్ మొదలుపెట్టండి. దరఖాస్తుకు ముందే రెండు ఐఎస్‌పీల దగ్గరా ఐపీవీ4, ఐపీవీ6 రెండూ ప్రకటిస్తారా, ఫిల్టర్ మార్చడానికి ఎంత సమయం పడుతుంది, రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. తుఫాను తర్వాత మేం ఆ రెండో ఐఎస్‌పీని మార్చేశాం. కొత్త లైన్ వచ్చింది, పాతది తీసేశాం, ఆస్పత్రుల ఫైర్‌వాల్‌లలో ఒక్క అక్షరం మారలేదు. ఆ మార్పు చూశాక మొదటి ఐఎస్‌పీ కూడా రెన్యువల్‌లో రేటు తగ్గించింది.